మెడ చూసిన పట్టా

యాకుత్‌పురా రైల్వే స్టేషన్ వెనక గల్లీలో ఏ బర్రె మెడలో గవ్వలు గలగలమన్నా అవి బుచ్చమ్మ కుట్టినవే అయి ఉంటాయి. దీపావళి ఇంకా నెల ఉందనగానే సదర్ పండుగ ఊరేగింపుకు దున్నపోతులను తయారు చేసే పాలోళ్ళంతా ఆమె కొట్టం ముందు చేరేవాళ్ళు. నాలుగు వేళ్ళ వెడల్పు నల్ల ఉన్ని పట్టీ మీద రెండు వరసల గవ్వలు, మధ్యలో ఎర్ర కుచ్చులు. దాన్ని మెడకు కట్టి, ఒంటికి నూనె పూసి వదిలితే ఎంత బక్క దున్నయినా పెళ్ళికొడుకులా నడుస్తుంది.

బుచ్చమ్మకు ఒక పట్టింపు ఉండేది. పట్టా అని పిలిచే ఆ మెడపట్టీ కుట్టడం అయిపోయాక దాన్ని నేరుగా కొన్నవాళ్ళ చేతిలో పెట్టేది కాదు. ముందు తన కొట్టంలోని బర్రెకు కట్టి, రైలుకట్ట దాకా ఒక తిప్పు తిప్పుకొచ్చి, తడిగుడ్డతో తుడిచి అప్పుడు ఇచ్చేది. "మెడ చూడని పట్టా గుమ్మం దాటొద్దు" అనేది. ఎందుకని అడిగితే "మా అత్త చెప్పింది" అనేది. ఆ అత్తకు వాళ్ళ అత్త చెప్పి ఉంటుంది. అంతకుమించి ఎవరూ అడగలేదు. కోడలు యశోద మాత్రం దాన్ని దిష్టి తీసే పద్ధతి అనుకుంది.

యశోద డిగ్రీ రెండో ఏడు దాకా చదివి, పెళ్ళయి ఈ కొట్టంలోకి వచ్చింది. పొద్దున పెండ తీసేది, పాలు పితికేది, మధ్యాహ్నం అత్త పక్కన కూర్చుని కుట్టు నేర్చుకునేది. కిందటేడు బుచ్చమ్మకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, అయినా చూపు మసకే. డాక్టరు సూది ముట్టొద్దన్నాడు. అప్పటినుంచి ముసలామె మంచంలో కూర్చుని గవ్వల వీపులు బండకు అరగదీసి బెజ్జాలు చేయడం వరకే పెట్టుకుంది. కుట్టంతా యశోదకు వచ్చింది.

పక్కింటి అఖిల ఫోటోలు బాగా తీస్తుంది. మేకుకు తగిలించిన పట్టాను ఒకరోజు ఫోటో తీసి, చేతిపనులు అమ్మే ఒక సైటులో యశోద పేరుమీద దుకాణం తెరిచింది. గోడకు వేలాడదీసుకుంటామని బెంగళూరు నుంచి ఒకామె, పుణె నుంచి ఒకామె తెప్పించుకున్నారు. దానికే యశోద గల్లీ అంతా మిఠాయి పంచింది. అంతలో లిస్బన్ అనే ఊరినుంచి తెరెజా అనే ఆమె రాసింది. ఆమెకు సంగీత వాయిద్యాల దుకాణం ఉందట. ఈ పట్టాతో గిటారు మెడకు తగిలించుకోవచ్చా అని అడిగింది.

"గిటారు మెడకా? గిటారుకు మెడెక్కడిదే?" అంది యశోద.

"అక్కా, వాయించేటోళ్ళ మెడకు. భుజం మీదికెల్లి వేసుకుంటరు. చూడు" అని అఖిల ఫోనులో చూపించింది. "నాలుగు కిలోల బరువు ఆగుతదా అని అడుగుతుంది."

మంచంలోంచి బుచ్చమ్మ పకపకా నవ్వింది. "నాలుగు కిలోలా? మా బర్రె దుడ్డె మూతికి కూడ సాలదు గా బరువు. ఆగుతదని రాయి."

అఖిల రాసింది. నలభై పట్టాలకు ఆర్డరు వచ్చింది. రెండు కొసలకు గిటారు బొడిపెలకు తగిలించే తోలు ముక్కలు కావాలంది తెరెజా. ఆ పని వెనక వీధిలో మిషను కుట్టే బేబీ చేసిపెట్టింది.

అయితే ఆ సైటుకు ఒక నియమం ఉంది. దేశం దాటే మొదటి ఆర్డరు గడువు తప్పినా, వాపసు వచ్చినా దుకాణానికి ఏడాది పాటు తాళం. యశోద ఆ ముక్కను అఖిల చేత మూడుసార్లు చదివించుకుంది. ఆమె భర్త బాలరాజ్ పాల క్యాన్లు బండికి కడుతూ విన్నాడు.

"పెండ ఎత్తే చేతులకు గిటార్లు ఎందుకే? ఉన్న లొల్లి సాలదా?"

"నువ్వు పోసే పాలల్ల నీళ్ళెన్నో నేనడిగిన్నా? నా పని నన్ను చెయ్యనీ" అంది యశోద.

అన్నదే కానీ భయం లేకపోలేదు. ఇప్పుడు తాళం పడితే బాలరాజ్ దెప్పడం ఒక్కటే కాదు, మళ్ళీ అడిగే ధైర్యం ఆమెకే ఉండదు. అందుకే పట్టా మచ్చ లేకుండా ఉండాలనుకుంది. ఫోటోలో చూస్తే, బుచ్చమ్మ వాడే మైనం రాసిన నూలుదారం పసుపచ్చగా, మురికి పట్టినట్టు కనపడింది. ఉస్మాన్‌గంజ్ వెళ్ళి తళతళలాడే తెల్లటి నైలాన్ దారం ఉండలు తెచ్చింది. గవ్వ పక్కన ఆ దారం ఉందో లేదో అన్నట్టుగా కలిసిపోయింది. అత్తకు చెప్పలేదు. కనపడని కళ్ళకు చెప్పడం ఎందుకులే అనుకుంది.

నెల రోజులు, పెండకూ పాలకూ మధ్య దొరికిన ప్రతి గంటా కుట్టింది. బుధవారానికి నలభై అయ్యాయి. ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, పెద్ద అట్టపెట్టెలో సర్దింది. శనివారం పదకొండు గంటలకు కొరియర్ వస్తుంది.

"మెడ సూపియ్యలే?" అంది బుచ్చమ్మ.

"అత్తమ్మా, ఇవి బర్రెలకు కాదు, మనుషులకు. వాసనొస్తది. దేశం కాని దేశం పోతున్నయ్."

"ఏ దేశమైతేంది? గుమ్మం మనదే కదా!"

యశోద వినలేదు. పెట్టెను బియ్యం డ్రమ్ము వెనక దాచింది.

*

గురువారం పొద్దున సంతోష్‌నగర్‌లో ఆడవాళ్ళ వ్యాపారాలకు శిక్షణ ఇచ్చే తరగతి ఉంది. అఖిలతో కలిసి వెళ్ళింది యశోద. పచ్చళ్ళవాళ్ళు, లక్క గాజులవాళ్ళు, జాకెట్లకు మగ్గం పని చేసేవాళ్ళు, అందరూ కలిసి ముప్పై మంది ఉన్నారు. పాఠం చెప్పే జగదీశ్వర్ సార్ అందరికీ ఒక ఫారం పంచాడు. వస్తువు పేరు, తయారుచేసేవాళ్ళు, బరువు, అన్నీ రాసింది. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. 'నాణ్యత పరీక్షించే విధానం' అని ఉంది.

"అంటే ఏంది సార్?"

"నీ సరుకు గట్టిదని నీకెట్లా తెలుసమ్మా? పచ్చడామె రుచి చూస్తుంది. గాజులామె తట్టి చూస్తుంది. నువ్వేం చేస్తావు?"

"కంటితో చూస్త సార్."

"కంటికి గట్టితనం కనపడుతుందా?"

అందరూ నవ్వారు. యశోద ఆ గడి ఖాళీగా వదిలేసింది.

పన్నెండు గంటలకు ఇంటికి వచ్చేసరికి కొట్టం ఖాళీ. ఎనిమిది బర్రెలూ లేవు. 'నవాబు' అని ఇంటిల్లిపాదీ ముద్దుగా పిలుచుకునే దున్నపోతు లేదు. ఇంట్లోకి పోయి చూస్తే బియ్యం డ్రమ్ము పక్కకు జరిగి ఉంది. అట్టపెట్టె నోరు తెరుచుకుని ఉంది. నేల నిండా ఖాళీ ప్లాస్టిక్ కవర్లు.

ఎక్కడినుంచో డప్పు మోగుతోంది.

యశోద చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. వెనకాల అఖిల. రైలుకట్ట దగ్గర జనం పోగయ్యారు. ముందు బుచ్చమ్మ, చేతిలో కర్ర, నెత్తిన కొంగు. ఆ వెనక ఎనిమిది బర్రెలు, ఒక్కోదాని మెడకు నాలుగేసి పట్టాలు. అన్నిటి వెనక నవాబు. దానికి ఏకంగా ఎనిమిది. మెడ కనపడటం లేదు, గవ్వలే కనపడుతున్నాయి. సదర్ ముందే వచ్చిందనుకుని ఎవరో డప్పు తెచ్చారు. కల్లు దుకాణం ఎల్లయ్య దుకాణం వదిలేసి వచ్చి దున్న ముందు చిందేస్తున్నాడు.

"అత్తమ్మా! ఏం చేసినవే!"

"ఏం చేసిన? నువ్వు యాదిమరిచినవ్, నేను చేసిన" అంది బుచ్చమ్మ ఠీవిగా.

సరిగ్గా అప్పుడే ఫలక్‌నుమా పోయే రైలు పెద్ద కూత వేసింది. నవాబుకు ఆ కూత అంటే పడదు. చెవులు నిక్కించింది. తల దించింది. ఒక్కసారి మెడ ఇటునుంచి అటు విదిలించింది.

మంగలంలో పేలాలు పేలినట్టు గవ్వలు పేలాయి. డప్పు మీద పడ్డాయి, ఎల్లయ్య నెత్తిన పడ్డాయి, రైలుకట్ట కంకరలోకి దొర్లాయి. నవాబును చూసి బర్రెలు కూడా తలలు ఊపాయి. డప్పు ఆగిపోయింది. యశోద నడిరోడ్డు మీద కూలబడి ఏడుపు అందుకుంది.

"నా దుకాణం ముంచినవ్ గదే అత్తా! నెల దినాల పని! గిప్పుడు నేనేం పంపియ్యాలె? కవర్లల్ల భద్రంగ పెట్టుకుంటే తీసి బర్రెలకు కడ్తవా? నీకు కండ్లే పోయినయనుకున్న, మతి కూడ పోయిందా?"

ఆ చివరి మాట నోరు దాటాక యశోదే ఉలిక్కిపడింది. గల్లీ అంతా వింది. బుచ్చమ్మ కర్ర పక్కన పెట్టింది. మెల్లగా వంగి, నవాబు మెడకు వేలాడుతున్న పట్టాను విప్పి వేళ్ళతో తడిమింది. తెగిన కొసను పట్టుకుని గోటితో రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిదేం దారమే, యశోదా?"

యశోద ఏడుపు ఆగింది.

"నూలు కాదిది. మైనం లేదు. జారుతుంది. ముడి ఊడొచ్చింది సూడు. గీ పక్క గవ్వ అంచు కోసేసింది."

ఎదురింట్లోంచి షాహెదా ఆపా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా పెళ్ళి దుస్తులకు జరీ పని చేస్తున్న మనిషి. పట్టా అందుకుని చూసి నాలుక చప్పరించింది. "అరె బేటీ, అరగదీసిన గవ్వ అంటే చాకు. నైలాన్ ఎట్ల ఆగుతది? పూసలకైతే ఠీక్. గవ్వకు నూలే ఉండాలె, గది మెత్తగ గవ్వ అంచును పట్టుకుంటది. రో నక్కో, ఉఠ్, ఏడ్వకు, లే."

అఖిల లెక్కపెట్టింది. నలభైలో పదకొండు తెగాయి.

*

కొట్టం ముందు అందరూ కూర్చున్నారు. బాలరాజ్ కూడా పాల బండి ఆపి వచ్చాడు. ఇప్పుడు దెప్పుతాడని యశోద చూసింది. అతను నేరుగా పట్టాల దగ్గరికి పోయాడు. తెగని పట్టా ఒకటి తీసుకుని, దూలానికి కట్టి, దానికి పాల క్యాను వేలాడదీసి, అటూ ఇటూ ఊపాడు. పదోసారికి టప్పున తెగి క్యాను కిందపడి దొర్లింది.

"క్యానైతే సొట్టవడ్డది. గిటారైతే ఏమవునో!" అన్నాడు.

"మిగతా ఇరవై ఎనిమిది కడిగి పంపుదాం అక్కా" అంది అఖిల నెమ్మదిగా. "చూడనీకి మంచిగనే ఉన్నయ్. పన్నెండు తర్వాత పంపుతమని రాద్దాం."

యశోద ఆ ఇరవై ఎనిమిదింటి వంక చూసింది. తళతళలాడుతున్నాయి. పంపితే శనివారం గండం గట్టెక్కుతుంది. లిస్బన్‌లో ఎవరి భుజం మీదనో ఎప్పుడో తెగుతుంది. అప్పుడు తాళం పడినా ఏడాదికి ఊడుతుంది. కానీ 'ఆగుతదని రాయి' అన్న అత్త మాట అబద్ధమైపోతుంది.

"వద్దు" అంది. "అన్నీ విప్పుదాం."

"నలభై? ఎల్లుండి పదకొండుకా?" అన్నాడు బాలరాజ్.

"ఒక్క పట్టాకు రెండు గంటలు. ఒక్కదాన్నయితే కాదు." యశోద ఆపా వైపు తిరిగింది. "ఆపా, మీరు, మీ కోడండ్లిద్దరు కూసుంటరా? ఊకె వద్దు. కుట్టినోళ్ళ పేరు పట్టా మీద ఉంటది. పైసలల్ల వాటా ఉంటది. ఈసారే కాదు, వచ్చే ప్రతి ఆర్డర్ల."

షాహెదా ఆపా కళ్ళజోడు సవరించుకుంది. "ముప్పై ఏండ్ల సంది కుడుతున్న. ఏ లెహంగా మీద కూడ నా పేరు రాలే. దున్నపోతు దయతోని వస్తదా?" అని నవ్వి, "సూదులు తెస్త, ఆగు" అని లేచింది.

బేబీ తన మిషను మూసి వచ్చింది. "తోలు కొసలు కుట్టింది నేనే గదా. తెగితె నాకూ పేరే, చెడ్డపేరు" అంది. అఖిలకు సూది పట్టడం రాదు. విప్పే పని ఇచ్చారు.

యశోద అత్త మంచం దగ్గరికి వెళ్ళి కింద కూర్చుంది.

"అత్తమ్మా, అట్ల అనేది లేకుండె."

"ఏమన్నవ్?"

"మతి పోయిందని."

"గదా! డప్పు సప్పుడుల నాకు సరిగ ఇనరాలే" అంది బుచ్చమ్మ. డప్పు ఆగాకే యశోద ఆ మాట అందని ఇద్దరికీ తెలుసు. "మైనం ముద్ద గూట్లె ఉంటది, తే. దారానికి నేను పూస్త. దానికి కండ్లు అక్కర్లే."

ఆ మధ్యాహ్నం, మర్నాడంతా ఆ కొట్టం ముందు ఒక పెళ్ళి జరిగినట్టే ఉంది. చాప మీద ఆరుగురు ఆడవాళ్ళు. నడుమ గవ్వల గుట్ట. బుచ్చమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం సర్రుమని జారుతూ పసుపచ్చగా మారి వచ్చేది. షాహెదా ఆపా జరీ పనిలోని రెట్టింపు ముడి చూపించింది. దాన్ని బుచ్చమ్మ వేళ్ళతో తడిమి, "నలభై ఏండ్ల కింద గిది తెలిస్తే ఎంత బాగుండె" అంది. బాలరాజ్ చాయ్ పెట్టాడు. మొదటిసారి చక్కెర మరిచాడు.

"పాలోని ఇంట్ల చాయ్ గిట్ల ఉంటదా?" అంది బేబీ.

"పాలు మంచిగున్నయా లేవా?" అన్నాడు అతను.

"పాలున్నయా ఇందుల?"

ఆపా కోడళ్ళు నవ్వాపుకోలేక సూదులు కింద పెట్టారు. బాలరాజ్ గ్లాసులన్నీ వెనక్కి తీసుకుపోయి, చక్కెర వేసి, ఇంకో లీటరు పాలు పోసి మళ్ళీ మరిగించుకొచ్చాడు.

శుక్రవారం పొద్దుగుంకేసరికి, అన్నిటిలాగే తోలు కొస మీద కుట్టినవాళ్ళ పేరు రాసిన నలభయ్యో పట్టాకు చివరి ముడి పడింది.

*

శనివారం తెల్లవారి ఆరింటికి యశోదే ముందు లేచింది. పట్టాలన్నీ తన చేతులతోనే బర్రెలకు కట్టింది. నవాబుకు మళ్ళీ ఎనిమిది.

"వాసన వస్తదన్నవ్?" అంది బుచ్చమ్మ.

"రానీ. తుడిచి పంపుత."

ఈసారి కూడా డప్పు పిలవకుండానే వచ్చింది. బాలరాజ్ నవాబు పగ్గం పట్టుకున్నాడు. రైలుకట్ట దగ్గరికి వచ్చి అందరూ నిలబడ్డారు. రైలు లేదు. ఐదు నిమిషాలైంది. పదైంది. నవాబు హాయిగా నెమరు వేస్తోంది.

"ఒక్కోసారి ఊకె సావగొడ్తదిగాని, పనిబడ్డనాడు రాదు గదా గీ రైలు" అన్నాడు ఎల్లయ్య.

దూరంగా కూత వినపడింది. అఖిల ఫోను ఎత్తి పట్టుకుంది. రైలు దగ్గరికొచ్చింది. నవాబు చెవులు నిక్కించింది, తల దించింది, మెడ విదిలించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. గవ్వలు గలగలా గలగలా మోగాయి. రైలు వెళ్ళిపోయాక కూడా ఆ మోత కాసేపు అలాగే ఉంది. అందరూ నేల వంక చూశారు. ఎల్లయ్య వంగి ఏదో తీశాడు. యశోద ఒక్క అంగలో అతని పక్కకు వచ్చింది.

"మొన్నటిది" అన్నాడతను, దుమ్ము పట్టిన గవ్వను చూపిస్తూ.

డప్పు అందుకుంది. షాహెదా ఆపా "మాషాల్లా" అంటూ నవాబు నుదురు నిమిరింది. బాలరాజ్ పగ్గం మరిచిపోయి ఎల్లయ్యతో చిందేశాడు. నవాబు తనంతట తానే ఇంటిదారి పట్టింది.

పదకొండు గంటలకు కొరియర్ తెచ్చే ప్రేమ్‌రాజ్ వచ్చి పెట్టెను ఎత్తి, ముక్కు ఎగబీల్చాడు. "ఏందక్కా, పార్సిల్ల బర్రెను పెట్టిన్రా?"

"బర్రె మెడను పెట్టినం. భద్రంగ తీస్కపో" అంది యశోద.

ఆ సాయంత్రం సంతోష్‌నగర్ ఫారం ముందేసుకుంది. నాలుగో గడి ఇంకా ఖాళీగానే ఉంది. అందులో ఇలా రాసింది: 'తయారైన ప్రతి పట్టాను దున్నపోతు మెడకు కట్టి, రైలు కూత వేసేదాకా ఆగుతాము. పరీక్షకుని పేరు నవాబు. అనుభవం ఆరేళ్ళు.' అదే ముక్కను అఖిల ఇంగ్లీషులో రాసి, పొద్దున తీసిన వీడియో జతచేసి, తెరెజాకు పంపింది. వాసన సంగతి కూడా దాచలేదు. రెండు రోజులు ఎండలో పెట్టమంది.

*

ఇరవై రోజులకు తెరెజా దగ్గరినుంచి జవాబు వచ్చింది. కొట్టం ముందు అందరూ చేరాకే తెరవాలని యశోద పట్టుబట్టింది. అఖిల చదివి చెప్పింది. "నలభై వారంల అమ్ముడుపోయినయట. నవాబు వీడియోను దుకాణంల పెద్ద టీవీల పెట్టిందట. ఇంకో నూట ఇరవై కావాల్నట. ఒక షరతు."

"ఏం షరతు?" అంది యశోద.

"పట్టా మీద కుట్టినోళ్ళ పేరుతోని పాటు ఏ బర్రె మెడ చూసిందో దాని పేరు కూడ రాయాల్నట."

"అబ్బో! మన బర్రెలు గౌరికి, చంద్రికి కూడ పేరొచ్చె" అన్నాడు బాలరాజ్. ఇంతలో అతనికి ఏదో తట్టి, "పగ్గం పట్టినోళ్ళ పేరు రాయరా?" అన్నాడు.

జవాబుతో పాటు ఒక చిన్న వీడియో ఉంది. యశోద ఫోనును అత్త మొహానికి దగ్గరగా పట్టింది. రెండో కన్ను ఆపరేషన్ కూడా అయి, ముసలామెకు ఇప్పుడు కొంచెం కొంచెం కనపడుతోంది. ఏటవాలు వీధి, పసుపుపచ్చ ట్రాము, మెట్ల మీద నిలబడి గిటారు వాయిస్తున్న ఒక పొట్టి జుట్టు పిల్ల. ఆమె భుజం మీద నల్ల ఉన్ని, తెల్ల గవ్వలు, ఎర్ర కుచ్చులు.

బుచ్చమ్మ కళ్ళు చికిలించి చూసింది. మొహం ముడిచింది.

"మంచిగ లేదా అత్తమ్మా?"

"పాట మంచిగనే ఉంది. కానీ గట్ల రాయి లెక్క నిలబడితే పట్టా బలం ఎట్ల తెల్వాలె? జర మెడ ఊపమను."

"గది వీడియో అత్తమ్మా! మనం చెప్తె ఊపదు."

అంతలోనే ఆ పిల్ల వెనక ట్రాము ఠంగుమని గంట కొట్టింది. పాట ఊపందుకుంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని తల దించి, ఒక్కసారి ఇటునుంచి అటు విదిలించింది. గవ్వలు గలగలమన్నాయి. ఒక్కటీ రాలలేదు.

"ఆఁ!" అంది బుచ్చమ్మ తొడ చరిచి. "నవాబు లెక్కనే ఊపింది. పాస్."